మాట స్పష్టంగా వినిపించాలంటే: హోమ్ థియేటర్ స్పీకర్లను ఎంచుకునే పద్ధతి

కొత్త టీవీ కొన్న కొద్ది రోజులకే చాలా ఇళ్లలో ఒక ఇబ్బంది మొదలవుతుంది. మాటలు వినపడటం లేదని శబ్దం పెంచుతారు. అంతలో పాటో పోరాట సన్నివేశమో వచ్చి ఇల్లు దద్దరిల్లుతుంది, మళ్లీ తగ్గిస్తారు. సినిమా అయ్యేదాకా రిమోట్ కింద పెట్టే వీలుండదు. ఈ బాధ తీరుతుందనే హోమ్ థియేటర్ కొంటారు. అయితే పెట్టె మీద రాసిన వాట్లు, స్పీకర్ల సంఖ్య చూసి కొన్నవారికి ఆ బాధ తీరదు. మాట స్పష్టంగా వినిపించడమే హోమ్ థియేటర్‌కు మొదటి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గే పద్ధతికి ఒక క్రమం ఉంది: ముందు గది, తర్వాత ముందువైపు మూడు స్పీకర్లు (ఎడమ, మధ్య, కుడి), ఆ తర్వాత లోతైన శబ్దాలను, అంటే బేస్‌ను పలికే సబ్‌వూఫర్, మిగిలినవన్నీ వీటి వెనక.

హాలును కొలవండి

దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసుకుని హాలు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి కాగితం మీద గీసుకోండి. టీవీ ఏ గోడకు ఉంది, సోఫా ఎక్కడ, తలుపులు, కిటికీలు ఎటు, ఫ్యాను ఎక్కడ, అన్నీ గుర్తు పెట్టండి. లెక్కల కోసం నేను అపార్ట్‌మెంట్లలో తరచుగా కనిపించే హాలును తీసుకుంటాను. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. టీవీ 12 అడుగుల గోడకు ఉంది, ఎదురు గోడకు ఆనించి సోఫా వేశారు. ఒక పక్క గోడ లేకుండా డైనింగ్‌లోకి తెరిచి ఉంది.

సోఫా వెనక గోడకు ఆని ఉండటమే మొదటి చిక్కు. ప్రతి గదిలోనూ దాని కొలతలను బట్టి కొన్ని లోతైన స్వరాలు గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతాయి. సెకనుకు 343 మీటర్ల ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వాటిలో మొదటిది తెలుస్తుంది. 16 అడుగులంటే 4.88 మీటర్లు, కాబట్టి ఆ స్వరం 35 హెర్ట్జ్, అంటే సెకనుకు 35 కంపనాలు. 12 అడుగుల వెడల్పుకు (రెండు వైపులా గోడలుంటే) 47, 10 అడుగుల ఎత్తుకు 56 వస్తాయి. ఇవి గోడ దగ్గర బాగా ఎక్కువగా, గది నడిమధ్యన బాగా తక్కువగా వినిపిస్తాయి. గోడకు తల ఆనించి కూర్చున్నవారికి బేస్ ముద్దగా మోగుతూ మాటలను కప్పేసేది అందుకే. సోఫాను మూడు అడుగులు ముందుకు జరపండి. పైసా ఖర్చు లేకుండా వచ్చే మార్పుల్లో ఇంతకంటే పెద్దది లేదు. మన హాలులో అప్పుడు ముందు స్పీకర్ల నుంచి చెవి దాకా దూరం సుమారు 11 అడుగులు అవుతుంది.

రెండో చిక్కు గట్టి ఉపరితలాలు. నేలకు టైల్సో మార్బులో, చుట్టూ సిమెంటు పూసిన గోడలు, ఒక వైపు పెద్ద అద్దాల కిటికీ. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం ఠక్కున ఆగిపోకుండా సన్నగా గలగలమంటూ సాగితే, మీరు ఎంత మంచి స్పీకర్లు కొన్నా మాటల అంచులు ఆ గలగలలో కలిసిపోతాయి. టీవీకి, సోఫాకు మధ్య మందపాటి తివాచీ, కిటికీకి బరువైన తెరలు, పక్క గోడకు పుస్తకాల అల్మరా పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. స్పీకర్ల కోసం దాచిన డబ్బులో మొదటి వాటా తివాచీకి, తెరలకు కేటాయించమనే నా సలహా.

ఇక ఫ్యాను. మెల్లగా పలికిన మాటను మింగేసేది తరచుగా తల మీద తిరిగే ఫ్యానే. సినిమా చూసేటప్పుడు దాని వేగం ఎంత తగ్గించగలరో చూసుకోండి.

ఎన్ని స్పీకర్లు కావాలి

5.1 అంటే చెవి మట్టంలో 5 స్పీకర్లు, 1 సబ్‌వూఫర్. 7.1 అంటే వెనక మరో జత చేరుతుంది. 5.1.2, 5.1.4 అని మూడో అంకె ఉంటే అది పైకప్పు నుంచి వినిపించే స్పీకర్ల సంఖ్య. శబ్దాన్ని తల మీద నుంచి కూడా వినిపించే డాల్బీ అట్మోస్ పద్ధతి 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చాక ఈ మూడో అంకె మొదలైంది.

మన 12 బై 16 హాలుకు 5.1 చక్కగా సరిపోతుంది. వెనక మూడు నాలుగు అడుగుల చోటే ఉన్నప్పుడు 7.1 పెడితే చివరి రెండు స్పీకర్లు తలకు అతి దగ్గరగా వచ్చి చిరాకు పెడతాయి. సోఫా వెనక కనీసం ఐదారు అడుగులు ఖాళీ ఉన్న గదిలోనే 7.1 గురించి ఆలోచించండి. డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే, నాసిరకం 5.1 సెట్ కంటే మంచి 3.1తో మొదలుపెట్టడం ఎంతో మేలు: ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, ఐదు లేదా ఏడు చానళ్ల రిసీవర్ (శబ్దాన్ని విడదీసి, బలం పెంచి ఒక్కో స్పీకరుకు పంపే పెట్టె). పక్కన, వెనక ఉండే సరౌండ్ స్పీకర్లు ఏడాది తర్వాత చేర్చుకున్నా పోయేదేమీ లేదు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ, సంగీతంలో ఎక్కువ భాగం ముందు మూడింటి నుంచే వస్తాయి.

ప్రతి వంద రూపాయల్లో నేనైతే 40 ముందు మూడింటికి, 25 సబ్‌వూఫర్‌కు, 25 రిసీవర్‌కు, 10 సరౌండ్‌కు పెడతాను. వైర్లు, స్టాండ్లు దీనికి అదనం.

అద్దె ఇల్లయి, గోడకు మేకు కొట్టే వీలు కూడా లేకపోతే విడి సబ్‌వూఫర్, వైరు లేని వెనక స్పీకర్లు ఉన్న సౌండ్‌బార్ తీసుకోవచ్చు. ఒకే కడ్డీలో అన్నీ ఉన్నాయని చెప్పే చిన్న సౌండ్‌బార్ల నుంచి సరౌండ్ ఆశించవద్దు.

పెట్టె మీద అంకెలను చదవడం

పీఎంపీఓ అని రాసి వేలల్లో వాట్లు చూపిస్తే ఆ అంకెను వదిలేయండి. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి లేదు. నిలకడగా నడిచే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు కొంత నయం. అయినా స్పీకరు వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెబుతాయి, ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పవు.

దాన్ని చెప్పేది సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో ఈ అంకె తెలుపుతుంది. 8 ఓముల నిరోధం ఉన్న స్పీకరుకు 2.83 వోల్టులంటే 1 వాటు. ప్రతి 3 డెసిబెళ్ల తేడాకు రెట్టింపు వాట్లు కావాలి. అంటే 85 డెసిబెళ్ల స్పీకరు 100 వాట్లతో చేసే శబ్దాన్ని 88 డెసిబెళ్లది 50 వాట్లతోనే, 91 డెసిబెళ్లది 25 వాట్లతోనే చేస్తుంది. చవక రిసీవర్ కొనేవారు 88కి తగ్గకుండా చూసుకుంటే దానికి ఆయాసం ఉండదు.

ఒక లెక్క చేద్దాం. 87 డెసిబెళ్ల స్పీకరు, 3 మీటర్ల దూరం. బయట బహిరంగ ప్రదేశంలో అయితే 3 మీటర్లకు సుమారు 9.5 డెసిబెళ్లు తగ్గి 1 వాటుకు 77.5 మిగులుతాయి. 50 వాట్లు ఇస్తే దానికి 17 కలిసి 94.5. గదిలో గోడల వల్ల ఇంకొంచెం కలుస్తుంది. సినిమా హాళ్ల ప్రమాణంలో ఒక్కో చానల్ అత్యధిక స్థాయి 105 డెసిబెళ్లు. అపార్ట్‌మెంట్ హాలులో అంత గట్టిగా ఎవరూ వినరు, అంతకు పది డెసిబెళ్లు తక్కువే ఎక్కువ అనిపిస్తుంది. కాబట్టి వందల వాట్ల వెంట పడాల్సిన అవసరం లేదు.

ఓముల అంకె కూడా చూడండి. 6 లేదా 8 ఓములు అయితే మామూలు రిసీవర్లకు సులువు. 4 ఓముల స్పీకర్లు ఎక్కువ కరెంటు లాగుతాయి, చిన్న రిసీవర్ వేడెక్కుతుంది. మరో సంగతి, 2.83 వోల్టులు 4 ఓముల్లో 2 వాట్లు అవుతాయి. అందుకని 4 ఓముల స్పీకరు సెన్సిటివిటీ కాగితం మీద 3 డెసిబెళ్లు ఎక్కువ కనిపిస్తుంది.

"40 నుంచి 20,000 హెర్ట్జ్" అని మాత్రమే రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెళ్లు అని లేకపోతే ఆ మాటకు విలువ తక్కువ. అన్నిటికంటే పనికొచ్చేది ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో చూపే గ్రాఫు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో 1980లలో ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లను తెర వెనక దాచి శ్రోతలకు వినిపించి పరీక్షలు చేశారు. పేరు, ధర, రూపం తెలియనప్పుడు ఎక్కువమంది మెచ్చుకున్నవి ఎదురుగా సమంగా పలికేవి, పక్కలకు వెళ్లే శబ్దం కూడా మెలికలు లేకుండా నునుపుగా తగ్గేవి. తర్వాత హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్‌తో కలిసి ఆ పని కొనసాగింది. ఆ పద్ధతిలో వచ్చే గ్రాఫును స్పినోరమా అంటారు. మీరు అనుకుంటున్న మోడల్ పేరుతో ఈ గ్రాఫు దొరుకుతుందేమో వెతకండి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న ఇంట్లో చెవికి చేరే శబ్దంలో చాలా భాగం పక్కలకు వెళ్లి తిరిగొచ్చేదే. కాబట్టి పక్క శబ్దం బాగున్న స్పీకరు మన ఇళ్లకు మరీ అవసరం.

సెంటర్ స్పీకరు

ఇక్కడ పొదుపు చేయవద్దు. మాటలు పలికేది ఇదే. ఎడమ, కుడి స్పీకర్లు ఏ సిరీస్‌వో సెంటర్ కూడా అదే సిరీస్‌ది తీసుకోండి. పాత్ర తెర మీద ఒక వైపు నుంచి మరో వైపు నడుస్తూ మాట్లాడుతుంటే గొంతు మారకూడదు.

మార్కెట్లో ఎక్కువ కనిపించే సెంటర్లలో మధ్యలో పై స్వరాలు పలికే ట్వీటరు, దానికి చెరో వైపు కింది స్వరాలు పలికే వూఫరు ఒకటి పక్కపక్కన ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవారికి ఇది బాగానే ఉంటుంది. సోఫా చివర కూర్చున్నవారికి రెండు వూఫర్ల శబ్దం వేర్వేరు సమయాల్లో చేరి ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటుంది, గొంతు పలచబడుతుంది. కుటుంబమంతా వరుసగా కూర్చునే ఇళ్లలో చివర కూర్చునేది చాలాసార్లు పెద్దవాళ్లే, వినికిడి కాస్త తగ్గినదీ వాళ్లకే. అందుకని ట్వీటరు కింద నడిమి స్వరాలు పలికే ఒక చిన్న మిడ్‌రేంజ్ ఉన్న మూడు దారుల సెంటర్ దొరికితే దానికి కొంచెం ఎక్కువ పెట్టినా దండగ కాదు. కెఫ్ సంస్థ యూని-క్యూ లాంటి అమరికల్లో ట్వీటరు వూఫరు నడుమనే ఉంటుంది, అక్కడ కూడా ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. చోటుంటే ఎడమ, కుడికి వాడే బుక్‌షెల్ఫ్ స్పీకరు (అరలోనో స్టాండు మీదో పెట్టే చిన్న స్పీకరు) లాంటిదే మూడోది తీసుకుని టీవీ కింద నిలువుగా పెట్టడం అన్నిటికంటే ఉత్తమం.

పెట్టే తీరు కూడా ఎంపికలో భాగమే. వడ్రంగి చేసిన టీవీ యూనిట్ అరలో లోపలికి నెట్టేస్తే అర గోడలు మోగి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. స్పీకరు ముఖం అర అంచుకు సమానంగా, వీలైతే అర అంగుళం బయటకు ఉండాలి. ముందు వైపు కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి ముఖాన్ని కూర్చున్నవారి చెవి వైపు కాస్త పైకి వంచండి. వెనక రంధ్రం ఉన్న మోడల్ అయితే దాని వెనక కొన్ని అంగుళాల చోటు వదలాలి. అర లోతు, ఎత్తు, వెడల్పు కొలిచి రాసుకుని వెళ్లండి. కొన్న తర్వాత అరలో పట్టక స్పీకరును టీవీ పైన గోడకు బిగించేవారు చాలామంది ఉన్నారు, అక్కడ నుంచి మాట తెర మీద మనిషి నోటి నుంచి వచ్చినట్టు ఉండదు.

ఎడమ, కుడి

పొడవాటి టవర్ స్పీకర్లు చూడటానికి నిండుగా ఉంటాయి. సబ్‌వూఫర్ ఉన్నప్పుడు 80 హెర్ట్జ్ కిందివన్నీ దానికే వెళతాయి కాబట్టి మన హాలుకు టవర్ అవసరం లేదు. అదే ధరలో మంచి బుక్‌షెల్ఫ్ జత వస్తుంది. ఐదున్నర లేదా ఆరున్నర అంగుళాల వూఫరు ఉన్నది చూడండి. సబ్‌వూఫర్ లేకుండా పాటలు కూడా దీనిలోనే వినాలనుకుంటే మాత్రం టవర్‌కు అర్థం ఉంది. స్టాండ్ల ఖర్చు కలిపితే తేడా తగ్గుతుందన్నదీ నిజమే.

మూడంగుళాల చిన్న డబ్బాలతో వచ్చే సెట్ల విషయంలో జాగ్రత్త. అవి 150 హెర్ట్జ్ దాకా కూడా సరిగ్గా దిగలేవు. ఆ లోటు సబ్‌వూఫర్ పూడ్చాల్సి వస్తుంది, అప్పుడు మగగొంతు కింది భాగం మూలన ఉన్న పెట్టెలోంచి వస్తున్నట్టు తెలిసిపోతుంది.

ట్వీటరు కూర్చున్నప్పటి చెవి ఎత్తులో, నేల నుంచి మూడు నుంచి మూడున్నర అడుగుల మధ్య ఉండాలి. రెండు స్పీకర్లూ మీరు కూర్చున్న చోటు నుంచి నడిమి గీతకు చెరో 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలి. 11 అడుగుల దూరానికి రెంటి మధ్య 9 అడుగులు వదిలితే 22 డిగ్రీలు దాటుతుంది. 12 అడుగుల గోడకు ఇది సరిపోతుంది, పక్క గోడకు అడుగున్నర మిగులుతుంది.

సబ్‌వూఫర్

ముందు ఒక మాట గుర్తు పెట్టుకోండి. మంచి సబ్‌వూఫర్ ఉన్నదని ప్రతి నిమిషం తెలియకూడదు. పిడుగు పడ్డప్పుడు, ఏనుగు అడుగు వేసినప్పుడు మాత్రమే అది గుర్తు రావాలి. ఎప్పుడూ మోగుతూ ఉంటే స్థాయి ఎక్కువ పెట్టారని లేదా చోటు తప్పని అర్థం.

మన హాలుకు 10 లేదా 12 అంగుళాలది చాలు. మూసిన పెట్టె, రంధ్రం ఉన్న పెట్టె అని రెండు రకాలు. రంధ్రం ఉన్నది అదే పరిమాణంలో ఇంకా లోతుకు, ఇంకా గట్టిగా పలుకుతుంది, ఒక హద్దు దాటాక మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. మూసినది పొందికగా ఉండి నెమ్మదిగా తగ్గుతుంది, చోటు తక్కువ ఆక్రమిస్తుంది. సొంత ఇల్లు, కింద ఎవరూ లేరు, సినిమాలే ఎక్కువ అంటే రంధ్రం ఉన్నది. అపార్ట్‌మెంట్ అయి పాటలూ వింటామంటే మూసినదే నా ఎంపిక. లోతైన శబ్దం శ్లాబు గుండా కింది ఫ్లాటుకు పోతుంది. పెట్టె కింద రబ్బరు లేదా ఫోమ్ మెత్తలు వేస్తే అదురు కొంత ఆగుతుంది, గాలిలో వెళ్లే బేస్ మాత్రం ఆగదు. రాత్రి పదింటి తర్వాత సబ్‌వూఫర్ స్థాయి తగ్గించడం, రిసీవర్‌లో రాత్రి మోడ్ పెట్టుకోవడం ఇరుగుపొరుగుతో సఖ్యతకు మంచిది. ఆ మోడ్ పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది కాబట్టి మాటలూ బాగా వినపడతాయి.

80 హెర్ట్జ్ కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సులువుగా పట్టుకోలేదు. అందుకే సబ్‌వూఫర్‌ను ఎక్కడైనా పెట్టవచ్చంటారు. శబ్దం దిక్కు తెలియదన్నంత వరకే అది నిజం. చోటును బట్టి బేస్ తీరు మాత్రం పూర్తిగా మారిపోతుంది. సరైన చోటు కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను ఎత్తి మీరు కూర్చునే చోట, సోఫా మీదే పెట్టండి. కింది స్వరాలు మెట్లెక్కినట్టు మారుతూ ఉండే పాట ఒకటి పెట్టి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. కొన్ని చోట్ల ఒకే స్వరం ఉబ్బుతుంది, కొన్ని చోట్ల మాయమవుతుంది. అన్ని స్వరాలూ ఇంచుమించు సమానంగా వినిపించిన చోటే దాని స్థానం. రెండు చిన్న సబ్‌వూఫర్లు వేర్వేరు చోట్ల పెట్టగలిగితే ఒక పెద్దదాని కంటే ఎక్కువ మందికి సమమైన బేస్ అందుతుంది.

సరౌండ్, పైకప్పు స్పీకర్లు

5.1లో సరౌండ్ స్పీకర్లు చెవికి పక్కన కాస్త వెనకగా, 110 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎత్తు చెవి కంటే ఒకటి రెండు అడుగులు పైన. మన హాలులో ఒక పక్క గోడ లేదు కదా, అక్కడ స్టాండు వాడండి, లేదా రెంటినీ వెనక గోడకు బిగించి ముఖాలు లోపలికి తిప్పండి. రెండు వైపులా దూరం, ఎత్తు ఒకేలా ఉండటం ముఖ్యం. వీటికి చిన్న బుక్‌షెల్ఫ్ చాలు.

అట్మోస్ కోసం పైకి శబ్దం విసిరి కప్పు నుంచి తిప్పి పంపే స్పీకర్లు అమ్ముతారు. వాటికి నున్నటి, గట్టి, చదునైన కప్పు కావాలి, ఎత్తు 7.5 నుంచి 12 అడుగుల మధ్య ఉంటే మంచిది. మన 10 అడుగుల ఎత్తు సరిపోతుంది గానీ అంచులు, గుంటలు, దీపాలు ఉన్న పీఓపీ డిజైనూ, మధ్యలో ఫ్యానూ ఆ శబ్దాన్ని చెదరగొడతాయి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నవారు అప్పుడే రెండు స్పీకర్లు అందులో పెట్టించుకోండి, ఫ్యాను రెక్కలు స్పీకరుకు, చెవికి మధ్య రాకుండా. బిగించాక బేస్ ఎక్కువున్న పాట పెట్టి సీలింగ్ చట్రం ఎక్కడైనా గరగరమంటుందేమో వినండి.

రిసీవర్

వాట్ల పక్కన ఏ షరతులు రాశారో చదవండి. "2 చానళ్లు, 8 ఓములు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 0.08 శాతం వక్రీకరణ" అని రాసిన 80 వాట్లు నిజమైనవి. "1 చానల్, 6 ఓములు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం" అని రాసిన 150 వాట్లు వాటికంటే తక్కువే కావచ్చు.

టీవీకి, రిసీవర్‌కు మధ్య టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఆర్క్ లేదా దాని మెరుగైన రూపం ఈఆర్క్ ఉండాలి. ఓటీటీల్లో వచ్చే అట్మోస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో ఉంటుంది కాబట్టి మామూలు ఆర్క్ ద్వారా కూడా వెళ్లగలదు. బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ అనే పెద్ద శబ్ద రూపం టీవీ మీదుగా రావాలంటే ఈఆర్క్ తప్పనిసరి. పాత ఆప్టికల్ తీగ డాల్బీ డిజిటల్ 5.1 వరకే మోస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిభాగాలతో కట్టించుకునే యాంప్లిఫయర్లు చవకగా వస్తాయి. పాటలకు అవి బాగానే పనికొస్తాయి. సినిమాల కోసమైతే డాల్బీ డిజిటల్ ప్లస్ చదువుతుందా అని అడిగి, మీ ఓటీటీ యాప్‌తో అక్కడే నడిపించి చూశాకే డబ్బు కట్టండి.

అమెరికా నుంచి పిల్లలు రిసీవర్ పంపిస్తామంటే వెనక రాసిన వోల్టేజీ చూడమనండి. అక్కడి మోడళ్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి, ఇక్కడి 230కి నేరుగా పెడితే కాలిపోతాయి. సొంత యాంప్లిఫయర్ ఉండే సబ్‌వూఫర్‌కూ ఇదే వర్తిస్తుంది. కరెంటు ప్లగ్గు లేని మామూలు స్పీకర్లకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు, పెట్టెలో పట్టినవి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

దుకాణంలో వినడం

డెమో కోసం వాళ్లు పెట్టే పేలుళ్ల దృశ్యాన్ని మర్యాదగా ఆపమనండి. ముందు తెలుగు వార్తలు పెట్టించండి. ఆడగొంతు ఒకటి, మగగొంతు ఒకటి. మన భాషే ఇక్కడ మంచి పరీక్ష. స, శ, ష మూడూ విడివిడిగా తెలియాలి. "స" చెవిలో సూదిలా గుచ్చితే ట్వీటరు దురుసు. మూడూ ఒకేలా వినిపిస్తే పై స్వరాలు మొద్దుబారాయి. "ఘ", "భ" పలికినప్పుడు గుండెలోంచి వచ్చే గాలి తెలియాలి గానీ గుమ్మని మోగకూడదు.

తర్వాత బాగా తెలిసిన పాట. మృదంగం ఉన్న కచేరీ అయితే మరీ మంచిది. కుడి వైపు దెబ్బ గణగణమని మొదలై స్పష్టంగా ఆగాలి, ఎడమ వైపు గుమ్కీ సాగుతూ స్వరం మారడం తెలియాలి. అది "ధబ్" అని ఒకే ముద్దగా వస్తే ఆ స్పీకరును పక్కన పెట్టండి. డప్పు దెబ్బలో మొదటి చురుకు పోకూడదు. నాదస్వరం గట్టిగా ఉన్నా గీసుకుపోకూడదు.

రెండు మోడళ్లను పోల్చేటప్పుడు శబ్దం స్థాయి సమానంగా ఉండాలి. ఒకటి రెండు డెసిబెళ్లు గట్టిగా ఉన్నదే చెవికి మెరుగ్గా అనిపిస్తుంది. ఫోన్‌లో డెసిబెల్ కొలిచే యాప్ తెరిచి సరిచూడండి. క్లిప్ష్ లాంటి హారన్ స్పీకర్లు అదే వాల్యూమ్‌కు గట్టిగా పలుకుతాయి కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. చివరగా పక్కకు జరిగి, సోఫా చివర కూర్చున్నట్టు వినండి. తిరిగి తీసుకునే పద్ధతి ఉన్న దుకాణం కొంచెం ఎక్కువ ధర చెప్పినా అక్కడే కొనండి, అసలు పరీక్ష మీ హాలులోనే జరుగుతుంది. కోల్‌కతా సోనోడైన్ లాంటి మన దేశపు సంస్థల స్పీకర్లను కూడా ఇదే పరీక్షకు పెట్టండి, పేరు విదేశీది కాదని పక్కన పెట్టకండి.

వైర్లు, తడి, కరెంటు

స్వచ్ఛమైన రాగి వైరు కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకే గానీ నిరోధం ఎక్కువ. ముందు స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, హాలు చుట్టి వెనక్కి వెళ్లేవాటికి 2.5 ఉంటే చాలు. వేల రూపాయల తీగలు అక్కర్లేదు. ఇల్లు కట్టిస్తున్నవారు గోడలకు గాడి కొట్టే దశలోనే స్పీకర్ల కోసం వేరే పైపు వేయించుకోవాలి. కరెంటు వైర్లతో ఒకే పైపులో కలపకూడదు.

మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతారు. నేల మీద ఉన్న సబ్‌వూఫర్, టవర్ల అడుగు చెక్కపొట్టు పలకతో చేసినది, తడి తగిలి తగిలి కొన్నాళ్లకు అంచులు పొరలుగా ఉబ్బుతాయి. కింద అంగుళం మందం గ్రానైట్ ముక్క వేసి దానిపై రబ్బరు కాళ్లు పెట్టండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరప్రాంతాల వారు కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌దా, రబ్బరుదా అని తప్పక అడగాలి. తేమకు ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు నిలుస్తుంది. వైరు కొనల రాగి నల్లబడితే ఆ మేర కోసి కొత్త కొన బిగించాలి.

రిసీవర్‌ను తలుపులున్న అరలో పెట్టి మూయకండి. మే నెల ఎండలకు అది తనంతట తానే ఆగిపోతుంది. పైన కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉంచండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి. అన్నీ బిగించాక సన్నగా గుయ్ అనే శబ్దం వస్తుంటే కేబుల్ టీవీ లేదా డిష్ తీగను ఒకసారి ఊడదీసి చూడండి. ఆగిపోతే ఆ తీగ ద్వారా వచ్చే ఎర్తు తేడాయే కారణం, దానికి ఐసొలేటరు బిగిస్తే పోతుంది.

ఇంట్లో సరిచేసుకోవడం

రిసీవర్‌తో వచ్చే మైకును చెవి ఎత్తులో, తల ఉండే చోట నిలబెట్టి గదిని కొలిచి స్పీకర్లను తనంతట తానే సరిచేసే ఆడిసీ, వైపావో వంటి సర్దుబాటు నడపండి. ఫ్యాను, ఏసీ ఆపి, తలుపులు మూసి చేయాలి. మైకును చేత్తో పట్టుకోకండి, కెమెరా ముక్కాలి దొరికితే అదే మేలు. అయ్యాక సెట్టింగులు మీరే చూడండి. చాలా రిసీవర్లు ముందు స్పీకర్లను "లార్జ్" అని గుర్తిస్తాయి. అన్నింటినీ "స్మాల్" చేసి, క్రాసోవర్ (ఏ స్వరం కిందివి సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. బాగా చిన్న సరౌండ్లు అయితే 100 లేదా 120.

ఆ తర్వాత వారం రోజులు మామూలుగా చూడండి. మాటలు ఇంకా తక్కువ అనిపిస్తే మొత్తం శబ్దం పెంచకుండా సెంటర్ స్థాయిని మాత్రమే 2 డెసిబెళ్లు పెంచండి. బేస్ ముద్దగా ఉంటే ముందు సబ్‌వూఫర్ ఫేజ్ మీట 0, 180 రెండు చోట్లా పెట్టి విని, ఆ తర్వాతే దాని స్థాయి తగ్గించండి. హాలులో కొత్త సోఫా వేసినా, తివాచీ మార్చినా, స్పీకర్లను అడుగు పక్కకు జరిపినా మైకు మళ్లీ పెట్టి కొలతలు తీయాలి.